'ధడక్'లో మాయమైన కులం: పరిశోధన ప్రతిపాదన ఎక్కడ మొదలవ్వాలి?

సినిమా మీద పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్ల ప్రతిపాదనలు చాలావరకు 'ఫలానా సినిమాలో దళితుల చిత్రణ' అనే శీర్షికతో మొదలవుతాయి. అది విషయమే గాని ప్రశ్న కాదు. చిత్రణ బాగుందా లేదా అన్న తీర్పు దగ్గర ఆగిపోతుంది. ఆ పని సమీక్షకులు ఎలాగూ చేస్తారు. సమాజశాస్త్రం అడగాల్సింది వేరు: కథలో కులం ఏ పని చేస్తోంది? కనిపించని చోట దాన్ని ఎవరు తీసేశారు?

నాగరాజ్ మంజుళే 2016లో మరాఠీలో తీసిన 'సైరాట్' తీసుకుందాం. పాటిల్ కూతురు ఆర్చీ, చేపలు పట్టే కుటుంబంలోని పర్శ్యా ఊరు విడిచి పారిపోయి వచ్చేది మన హైదరాబాద్‌కే. బస్తీలో ఇరుకు గది, ఫ్యాక్టరీలో పని, కొత్తగా నేర్చుకునే తెలుగు. రెండేళ్లకు అదే కథ హిందీలో 'ధడక్' అయింది. ఊరు ఉదయ్‌పూర్, పారిపోయేది కోల్‌కతాకు. కులం ఒకటి రెండు మాటల్లో తేలిపోయి, దాని స్థానంలోకి కుటుంబ పరువు, ఎన్నికల రాజకీయం వచ్చాయి. ముగింపూ మారింది. మరాఠీలో దంపతులిద్దరినీ చంపేస్తారు, పసివాడు మిగులుతాడు. హిందీలో భర్తా బిడ్డా పోతారు, ఆమె మిగులుతుంది.

ఇక్కడ అసలైన పరిశోధన ప్రశ్న దొరుకుతుంది: కులాన్ని తీసేశాక హత్యకు మిగిలే కారణం ఏమిటి? దీనికి రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి, సమానమైన దృశ్యాలను ఎంచుకుని చూడాలి. ఏ దృశ్యాలు, ఎందుకు అన్నది ప్రతిపాదనలోనే రాయాలి. 'కంటెంట్ అనాలిసిస్ చేస్తాను' అన్న ఒక్క వాక్యం పద్ధతి అనిపించుకోదు.

సిద్ధాంతం విషయానికొస్తే, మన విభాగాల్లో ఒక అలవాటుంది. ఫూకో, బోర్దియా సిద్ధాంతం కింద, అంబేడ్కర్ 'నేపథ్యం' కింద! 1916లో కొలంబియా విశ్వవిద్యాలయ సెమినార్‌లో కులాల పుట్టుక మీద పత్రం చదివినప్పుడు అంబేడ్కర్ కూడా పరిశోధన విద్యార్థే. కులానికి మూలం అంతర్వివాహమని, దాన్ని నిలబెట్టడానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం వచ్చాయని ఆయన వాదన. సైరాట్‌లో కూతురినీ ఎందుకు వదలలేదు, ధడక్‌లో ఎందుకు వదిలారు అన్నదాన్ని విప్పడానికి ఇంతకంటే పదునైన పనిముట్టు నాకు కనిపించలేదు.

తెర బయట కూడా చూడాలి. సైరాట్ భారీ వసూళ్లు సాధించిన ఏడాదే మహారాష్ట్రలో మరాఠా మోర్చాలు అట్రాసిటీ చట్టాన్ని మార్చాలని డిమాండ్ చేశాయి. ఆ ప్రేక్షకులూ ఈ ఊరేగింపులూ ఒకే సమాజంలోవి. ధడక్ 2018 జూలైలో వచ్చింది, సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో దళిత యువకుడి హత్య జరిగింది. సినిమాకూ హత్యకూ కార్యకారణ సంబంధం అంటగట్టకండి, కమిటీ తిప్పికొడుతుంది, కొట్టాలి కూడా. కానీ తెర మీద 'పరువు' అన్న మాట కులాన్ని కప్పేసినట్టే వార్తల్లోనూ జరిగిందా అన్నది పరిశీలించదగ్గది. దానికి బాధిత కుటుంబం గడప తొక్కనక్కర్లేదు. ఆనాటి పత్రికలున్నాయి, ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసిన 2025 నాటి నల్లగొండ కోర్టు తీర్పు ఉంది. పరిశోధన నైతికత అంటే సమ్మతి పత్రం మీద సంతకం ఒక్కటే కాదు.

ఇక పరిశోధకుల సామాజిక స్థానం. దళిత విద్యార్థి కులం మీద రాస్తే 'నిష్పాక్షికత ఎలా?' అని అడుగుతారు. సవర్ణ విద్యార్థి అదే సినిమా మీద రాస్తే ఆ ప్రశ్న రాదు. సిద్ధాంతం ఒకరిది, అనుభవం ఇంకొకరిది అన్న ఈ పంపకాన్ని గోపాల్ గురు 2002లోనే నిలదీశారు. 'నేను ఎక్కడి నుంచి చూస్తున్నాను' అన్న పేరా ప్రతి ప్రతిపాదనలోనూ ఉండాలని విభాగాలు నియమం పెట్టాలి. సైరాట్‌లో పాఠం చెబుతున్న అధ్యాపకుణ్ణి పాటిల్ కొడుకు నిండు క్లాసులో చెంపదెబ్బ కొడతాడు. ఆ దృశ్యాన్ని విశ్లేషించేవాళ్లు, తాము ఆ క్లాసులో ఏ బెంచీ మీద కూర్చునేవాళ్లో ముందు రాయాలి.