మొదటి పేజీ బేరం
నెలకింత కడితే మీ సైటును గూగుల్ మొదటి పేజీలో కూర్చోబెడతామంటూ ఇప్పుడు పచ్చళ్లు అమ్ముకునేవాళ్లకు కూడా ఫోన్లొస్తున్నాయి. నన్నడిగితే ఒక్క రూపాయి ఇవ్వొద్దంటాను. గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ, పేజీలను వరసలో పెట్టడానికి 1998లో ప్రకటించిన లెక్కలో లింకు అంటే ఓటు. పేరున్న పేజీ వేసే ఓటుకు బరువెక్కువ. ఓటన్నాక కొనేవాళ్లు రాకుండా ఉంటారా? 2011లో అమెరికా దుకాణాల సంస్థ జేసీ పెన్నీ బండారం న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. ఏ సంబంధమూ లేని వేల పేజీల్లో దాని లింకులు అతికించి ఉన్నాయి. దుస్తులు వెతికినా, దుప్పట్లు వెతికినా పైన అదే. గూగుల్ కన్నెర్రజేసిన రెండు గంటల్లో శామ్సొనైట్ పెట్టెల వెతుకులాటలో ఒకటో స్థానం నుంచి 71కి పడింది. మాకేమీ తెలియదంది సంస్థ (ఓట్లు కొన్నవాళ్లు ఎప్పుడు ఒప్పుకున్నారు గనక!). గూగుల్ తన లెక్కలో చేసిన మార్పుల్లో ఆ ఏడే పాండా అనేది వచ్చి పసలేని రాతల్ని, మరుసటేడు పెంగ్విన్ అనేది వచ్చి దొంగ లింకుల్ని కిందికి నెట్టాయి. పేజీ త్వరగా తెరుచుకోవడం, ఫోన్లో చక్కగా కనిపించడం కూడా లెక్కకొస్తాయి, కొద్దిగా. అయినా మనవాళ్లు గోంగూర పచ్చడి చెప్పమంటే, గూగుల్ కంట పడాలని ‘గోంగూర పచ్చడి తయారీ విధానం’ అని పేరా పేరాకీ జపిస్తారు, ఉప్పెంతో చెప్పరు. కట్ట ఆకుకు ఎండుమిర్చి ఎన్ని, నూనె ఎంత, పచ్చడి ఎన్నాళ్లు నిల్వుంటుంది: వెతికేవాడికి కావలసింది ఇది. దీనికి ఏజెంటెందుకు?