వేలెడు లావు గొట్టం, నిండు ప్రాణం



సముద్రంలో మునిగే స్కూబా డైవరు బొమ్మ మీరంతా చూసే ఉంటారు. వీపున సిలిండరు, ముఖానికి అద్దం, కాళ్లకు కప్ప పాదాల వంటి రెక్కలు. ఈ బొమ్మ గీయమంటే మీరు సిలిండరును పెద్దగా గీస్తారు. నోటికి వచ్చే గాలి గొట్టాన్నీ గీస్తారు. కాని ఎడమ భుజం మీదుగా ఛాతీ మీదికి దిగే మరో సన్న గొట్టాన్ని మరిచిపోతారు. డైవింగ్ నేర్చుకునే పెద్దవాళ్లలో కూడా చాలామంది దీన్ని అంతగా పట్టించుకోరు. అది సరికాదని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను. వినండి.

పల్లెల్లో ఈత నేర్చుకునే పిల్లలు నడుముకు ఎండు సొరకాయ బుర్రలో, బెండ్లో కట్టుకుంటారు. వాళ్లకు కావలసింది తేలడం ఒక్కటే. డైవరుకు అది చాలదు. అతను మునగాలి, కోరిన లోతులో నిలవాలి, మళ్లీ పైకి రావాలి. చేపకు ఈ పని దాని ఒంట్లోని గాలి తిత్తి చేసి పెడుతుంది. మనిషికి అటువంటి తిత్తి లేదు గదా! 1943లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనేవారు ఆక్వాలంగ్ రూపొందించినప్పుడు డైవర్లు నడుముకు సీసం బరువులు కట్టుకుని, ఊపిరిని అదుపు చేసుకుంటూ ఎలాగో సర్దుకునేవారు. 1961లో అదే దేశంలో మోరిస్ ఫెంజీ గాలి నింపుకునే చొక్కాను తయారు చేశాడు. నేటి డైవర్లు తొడుక్కునే జాకెట్టు అటువంటిదే. దాన్ని బీసీడీ అంటారు. సిలిండరు నుంచి ఆ జాకెట్టుకు గాలి తెచ్చేదే మనం చెప్పుకుంటున్న సన్న గొట్టం. మీట నొక్కితే గాలి లోపలికి వెళుతుంది. మరో మీట నొక్కితే బయటికి పోతుంది.

ఇందులో ప్రమాదం ఏముందంటారా? 1662లో రాబర్ట్ బాయిల్ ప్రకటించిన సూత్రాన్ని గుర్తు చేసుకోండి. ఉష్ణోగ్రత మారనప్పుడు పీడనం పెరిగితే వాయువు పరిమాణం తగ్గుతుంది, పీడనం తగ్గితే పెరుగుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ సుమారు ఒక వాతావరణ పీడనం అదనంగా చేరుతుంది. పైన ఒకటి ఉంటే, 10 మీటర్ల దగ్గర రెండు, 30 మీటర్ల దగ్గర నాలుగు. ఇప్పుడు 30 మీటర్ల లోతులో జాకెట్టులో ఒక లీటరు గాలి ఉందనుకోండి. 10 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి అది 2 లీటర్లవుతుంది. నీటి పైకి వచ్చేసరికి 4 లీటర్లవుతుంది. ఎవరూ మీట నొక్కనక్కరలేదు! గాలి ఉబ్బిన కొద్దీ డైవరు ఇంకా వేగంగా లేస్తాడు, లేచిన కొద్దీ గాలి ఇంకా ఉబ్బుతుంది. డైవరు గాలిని వదిలిపెడుతూ రాకపోతే ఈ పరుగు ఆగదు.

దీన్ని మీరే చూడవచ్చు. ఒక ప్లాస్టిక్ సీసా నిండా నీరు పోయండి. చుక్కల మందు వేసే డ్రాపరులో కొంచెం నీరు పీల్చి, అది నీటిపై అంచులో తేలేటట్లు చేసి సీసాలో వదిలి, మూత బిగించండి. సీసాను నొక్కండి. డ్రాపరు మునుగుతుంది. చేయి వదలండి. పైకి వస్తుంది. దాన్ని సరిగ్గా మధ్యలో నిలపడానికి ప్రయత్నించండి. ఎంత కష్టమో తెలుస్తుంది. సీసాలో డ్రాపరు మూతకు తగిలితే నష్టం లేదు. సముద్రంలో మనిషి అలా పైకి దూసుకువస్తే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టవచ్చు, ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులే చిరగవచ్చు. అందుకే నిమిషానికి 9, 10 మీటర్లకు మించి వేగంగా పైకి రాకూడదని డైవింగ్ శిక్షకులు నేర్పుతారు.

ఇక గొట్టం సంగతి. మీ వంటింట్లో గ్యాసు బండ ఉంది. దాని మీద రెగ్యులేటరు ఉంది. రెగ్యులేటరు నుంచి పొయ్యికి గొట్టం ఉంది. డైవరు వీపున కూడా ఇదే ఏర్పాటు. సిలిండరులో గాలి పీడనం సుమారు 200 వాతావరణాలు. రెగ్యులేటరు దాన్ని చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే 9, 10 వాతావరణాలు మాత్రమే ఎక్కువ ఉండేటట్లు తగ్గిస్తుంది. ఇది కూడా తక్కువేం కాదు. కారు టైరులో ఉండేదానికి నాలుగు రెట్లకు పైనే. రెగ్యులేటరులో తగ్గించిన గాలికీ, తగ్గించని గాలికీ వేర్వేరు రంధ్రాలుంటాయి. నేటి రెగ్యులేటర్లలో తగ్గించని గాలి రంధ్రానికి 7/16 అంగుళాల మర, జాకెట్టు గొట్టానికి సాధారణంగా 3/8 అంగుళాల మర పెడతారు. కనుక ఒకదాని గొట్టాన్ని రెండవదానికి బిగిద్దామన్నా కుదరదు. మనిషి పొరబడతాడని ముందే ఊహించి, ఆ పొరపాటుకు చోటు లేకుండా చేశారన్నమాట. మంచి ఇంజనీరింగు అంటే ఇదేనని నేనంటాను.

గొట్టం రెండవ కొసన మరో తమాషా ఉంది. మోటారు సైకిలు టైరులో గాలి నిలిపే వాల్వు వంటిదే అందులోనూ ఉంటుంది. ఆ వాల్వుకు అమెరికాలో స్థిరపడిన ఆగస్ట్ ష్రేడర్ పేరు వచ్చింది. ఆయన 1849లోనే డైవర్ల కోసం రాగి శిరస్త్రాణం చేసినవాడు! టైరు వాల్వుకు పేటెంటు 1893లో వచ్చింది. ఈ వాల్వు ఉన్నందువల్ల నీటి అడుగున గొట్టాన్ని జాకెట్టు నుంచి ఊడదీసినా సిలిండరులోని గాలి బయటికి పోదు. ఎందుకు ఊడదీయాలంటారా? ఉప్పో, ఇసుకో చేరి మీట ఇరుక్కుపోయిందనుకోండి. గాలి జాకెట్టులోకి వస్తూనే ఉంటుంది. అప్పుడు డైవరును కాపాడేది ఒక్కటే. కొస మీద ఉన్న వలయాన్ని వెనక్కి లాగి, గొట్టాన్ని వేరు చేసి, జాకెట్టులోని గాలిని వదిలేయడం. ఇది కొన్ని క్షణాల్లో జరగాలి. చలికి వేళ్లు మొద్దుబారినా జరగాలి.

కాబట్టి గొట్టాన్ని ఎంచుకునేటప్పుడు "గాలి ఎంత త్వరగా వస్తుంది?" అని కాదు, "చెడిపోతే ఎంత త్వరగా వదిలించుకోగలను?" అని అడగాలి. వేళ్లకు చక్కగా అందే వెడల్పు వలయం ఉన్న కొస మేలు. గాలిని మరీ జోరుగా పంపే కొసలు కూడా దొరుకుతాయి. అవి నాకు నచ్చవు. మీట ఇరుక్కుంటే గాలి నెమ్మదిగా వచ్చినప్పుడే మనకు ఆలోచించే వ్యవధి దొరుకుతుంది.

పొడవు కూడా ముఖ్యమే. పొట్టి గొట్టమైతే గాలి వదలడానికి చేయి పైకెత్తినప్పుడు బిగుసుకుని లాగుతుంది. మరీ పొడవైతే వంపు తిరిగి పగడాల కొమ్మలకో, మునిగిన ఓడ మీది వలలకో చిక్కుకుంటుంది. దుకాణంలో స్కేలుతో కొలిచి లాభం లేదు. జాకెట్టు తొడుక్కుని, చేయి పూర్తిగా ఎత్తి, తల ఇటూ అటూ తిప్పి చూసుకోవాలి.

ఒక చిక్కు ప్రశ్న ఉంది. కొందరు ఈ మీటలోనే అత్యవసరంగా ఊపిరి పీల్చుకునే సాధనాన్ని కూడా కలిపి అమ్ముతారు. ఒక గొట్టం తగ్గుతుంది, చిక్కుకునే అవకాశమూ, కారే చోట్లూ తగ్గుతాయి అని వారి వాదన. ఆ మాట నిజమే. కాని మీట ఇరుక్కుని గొట్టం ఊడదీయవలసి వస్తే? అదే క్షణాన ఆ రెండవ ఊపిరి కూడా పోతుంది. పైగా దానికి ఎక్కువ గాలి కావాలి కనుక కొస వెడల్పుగా ఉంటుంది, మామూలు గొట్టం దానికి సరిపోదు. రెండు పనులు ఒకే గొట్టం మీద పెట్టడం కంటే రెండు గొట్టాలు మోయడమే మంచిదని నా నమ్మకం.

అమెరికాలోని ఫ్లోరిడాలో నీట మునిగిన గుహల్లోకి వెళ్లే డైవర్లలో చాలామంది ఇలాగే ఆలోచించారు. గుహలో ప్రమాదం జరిగితే నేరుగా పైకి రాలేరు, నెత్తిన రాయి ఉంటుంది. వారు రెండు సిలిండర్లు, రెండు రెగ్యులేటర్లు వాడతారు. ముందుకు ఈదేటప్పుడు ఎడమ మర గుహ కప్పుకు రాసుకుని తనంతట తానే మూసుకుపోవచ్చు. అందుకని ఊపిరి తీసే ముఖ్యమైన గొట్టాన్నీ, జాకెట్టు గొట్టాన్నీ కుడివైపుకు బిగించారు. చలికి తొడిగే పొడి సూటుకు గాలినిచ్చే గొట్టాన్ని ఎడమవైపుకు బిగించారు. ఏ ఒక్కవైపు ఆగినా తేలడానికి మరో దారి మిగులుతుంది. కొత్త పరికరం ఒక్కటీ కొనలేదు. ఉన్న గొట్టాలనే ఆలోచించి అమర్చారు, అంతే!

గొట్టం పాతబడటాన్ని కూడా కనిపెట్టాలి. రబ్బరు గొట్టం లోహపు కొసల దగ్గర పగుళ్లిస్తుంది. అక్కడ తొడిగే రక్షణ తొడుగు పగుళ్లను దాచేస్తుంది కూడా. కనుక దాన్ని జరిపి చూడాలి. అల్లిక పైపొర ఉన్న కొన్ని గొట్టాల లోపలి ప్లాస్టిక్ పొర వేడికీ తేమకూ క్రమంగా విరిగి, స్ఫటికాలుగా పేరుకుని గాలి దారిని మూసిన సంఘటనలున్నాయి. పైకి కొత్తగా కనబడినంత మాత్రాన లోపల బాగుందని అనుకోరాదు. ఎంతకాలం వాడవచ్చని తయారీదారు చెబితే అంతకాలమే వాడాలి. ప్రతిసారీ మంచినీటితో కడగాలి.

ఇదంతా మాకెందుకు, మేమేమైనా డైవర్లమా అంటారేమో. విశాఖ తీరంలోనూ, అండమాన్ దీవుల్లోనూ స్కూబా డైవింగ్ నేర్పుతున్నారు. రేపు మీలో కొందరు అద్దె జాకెట్టు తొడుక్కుని నీటి అంచున నిలబడతారు. అప్పుడు సిగ్గుపడకుండా అడగండి: "ఈ గొట్టం ఎప్పటిది? ఇది ఎలా ఊడుతుంది? ఒకసారి ఊడదీసి, మళ్లీ పెట్టి చూడనా?" విసుక్కునే శిక్షకుని వెంట నీటిలోకి దిగకండి. జాకెట్టును నోటితో ఊది నింపడం కూడా నేర్చుకోండి. గొట్టం పనిచేయకపోయినా ఊపిరి పనిచేస్తుంది.

అంతవరకు ఇంట్లో ఒక పని చేయండి. గ్యాసు పొయ్యి గొట్టం మీద ముద్రించిన తేదీని అమ్మతోనో నాన్నతోనో కలిసి చూడండి. సురక్షా గొట్టమైతే అయిదేళ్లకొకసారి మార్చాలి. గడువు దాటిందా? ఈరోజే చెప్పి మార్పించండి.