‘అందాజ్’ – శృంగారమా, రసాభాసమా?

మెహబూబ్ ఖాన్ దర్శకత్వంలో 1949లో వెలువడిన హిందీ చిత్రం ‘అందాజ్’. దిలీప్ కుమార్, రాజ్ కపూర్ కలిసి నటించిన ఏకైక చిత్రమది. నాయిక నర్గీస్, సంగీతం నౌషాద్. నటనకూ పాటలకూ నేనూ ముగ్ధుణ్ణే. అయినా దానిని విషాద ప్రేమగాథ అంటే మాత్రం ఒప్పుకోలేను.

కథ తెలియని చదువరుల కోసం నాలుగు మాటలు. నీనా ధనికుని కూతురు. అదుపు తప్పిన గుర్రం బారినుండి ఆమెను దిలీప్ కాపాడతాడు (పాత్ర పేరూ అదే). చెలిమి కుదురుతుంది. తండ్రి మరణించాక ఆమె వ్యాపారభారం అతనికి అప్పగిస్తుంది. ఆమె మనసిచ్చిన రాజన్ లండన్ నుండి తిరిగి వస్తాడు, పెళ్ళవుతుంది. దిలీప్ తన వలపును దాచుకోలేడు, రాజన్ అనుమానాన్ని అణచుకోలేడు. రాజన్ కొట్టిన టెన్నిస్ రాకెట్ దెబ్బకు దిలీప్ మతి చలిస్తుంది. మీదికి వస్తున్న అతణ్ణి నీనా కాల్చి చంపుతుంది. ఆమెకు యావజ్జీవ శిక్ష పడుతుంది.

మన ఆలంకారికుల మతంలో రతి నాయికానాయకు లిద్దరిలోనూ ఉన్నప్పుడే శృంగారం. ఒక్కరి యందే ఉంటే అది రసాభాసం. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో ఈ సంగతి విస్పష్టంగా చెప్పాడు. నేడు సభ గొడవతో ముగిస్తే ‘రసాభాస అయింది’ అంటున్నాము గాని, ఆ మాటకు అసలు తావు ఇక్కడ. సీతపై రావణుని మోహం ఎంత గాఢమైనా దానిని శృంగారమని ఏ తరగతిలోనూ పాఠం చెప్పము గదా!

‘అందాజ్’ చేసిన చిత్రమేమిటంటే, రసాభాసాన్ని రసమని నమ్మించడం. దిలీప్ పియానో ముందు కూర్చోగానే ముకేష్ గొంతు మన చేత కంటతడి పెట్టిస్తుంది. ఆ తడిలో నీనా ఇష్టమేమిటన్న ప్రశ్న కొట్టుకుపోతుంది.

‘రాజన్ సంగతి ఆమె ముందే చెప్పవలసింది’ అని కొందరంటారు. చెప్పి ఉంటే మంచిదే. కాని తెలిసిన తరువాతనైనా అతడు తప్పుకోవలసింది కాదా? నవ్వుతూ మాట్లాడినంత మాత్రాన మాట ఇచ్చినట్లా? చివరకు ఆధునిక జీవనమే తన పతనానికి కారణమని ఆమె నోటనే పలికించారు. ఇద్దరు పురుషుల తప్పుకు ఒక స్త్రీ పోకడను దోషిని చేసిన తీర్పు అది. న్యాయస్థానం వేసిన శిక్షకంటె నాకిదే క్రూరంగా తోచింది.

పాత సినిమా గొడవ ఇప్పుడెందుకంటారా? 2008 డిసెంబరులో వరంగల్లులో ఇంజనీరింగు చదువుతున్న ఇద్దరమ్మాయిలపై యాసిడ్ పోశారు. అటువంటి వాడిని మన పత్రికలు ‘ప్రేమోన్మాది’ అంటాయి. ఆ సమాసంలో ‘ప్రేమ’కు చోటెక్కడిది? ఉన్మాదానికి ప్రేమ అన్న విశేషణం తగిలిస్తే నేరంలో సగం కవిత్వమైపోతుంది. కాదన్న పిల్లే మిగతా సగానికి జవాబుదారీ అవుతుంది.

‘అందాజ్’ చూడవద్దనను. తప్పక చూడండి, పాటలు వినండి. కాని కన్నీరు కార్చేముందు అది ఎవరికోసమో ఒక్కసారి చూసుకోండి. నా మటుకు నాకు, అది కారాగారంలో ఉన్న నీనాకే చెందాలి.