రెప్ప ఎప్పుడు వాలింది?

ఆయుష్షు పెంచే ఉసిరికాయ చేతికందితే తాను తినకుండా కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చేశాడట తగడూరును ఏలిన అదియమాన్. ఆ తగడూరే నేటి తమిళనాడులోని ధర్మపురి. ఒక్క కాయతో ఒళ్లంతా బాగుపడాలన్న ఆశ అంత పాతది. ఇప్పుడది ఫోన్లలోకి ఎక్కింది. వాలిన కంటిరెప్పలకు గుడ్డు తెల్లసొనట, కీరా చక్కలట, మంచుగడ్డట!

ఇవి పనిచేస్తాయా? చేస్తే గిస్తే చర్మం మీదే. తెల్లసొన ఆరితే చర్మం బిగుస్తుంది, మొహం కడిగితే ఆ బిగువూ పోతుంది. చల్లదనానికి ఉబ్బు తగ్గుతుంది. నిద్ర చాలని కళ్లకు ఆ మాత్రం చాలు. కానీ రెప్పను ఎత్తేది లోపలి సన్నటి కండరం. వయసు మీద పడి దాని పట్టు సడలితే ఏ పూతా బిగించలేదు. అమెరికాలో 2020లో అనుమతి పొందిన ఆక్సీమెటజోలిన్ చుక్కల మందు సైతం కొన్ని గంటలే రెప్పను కాస్త పైకి లేపుతుంది. నిలిచే వైద్యం సర్జరీయే.

మంచుగడ్డది మరో కథ. మయస్తీనియా గ్రావిస్ జబ్బులో నరం పంపే కబురు కండరానికి సరిగా అందదు. సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలతాయి. అలాంటి రెప్ప మీద రెండు నిమిషాలు మంచు పెడితే కాసేపు లేస్తుంది. డాక్టర్లకు అది పరీక్ష. ఇంట్లో దాన్నే వైద్యమనుకుంటే, చిట్కా ఫలించిందన్న సంబరంలో అసలు జబ్బు మరుగున పడుతుంది.

మన పల్లెల్లో ఇంకో ముప్పుంది. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కట్లపాము, తమిళుల కట్టువిరియన్, కరిస్తే నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు. ఆ తర్వాత మింగుడు పడదు, చివరికి ఊపిరాడదు. అప్పుడు పసర్ల కోసం పరుగెత్తకూడదు, 108కి ఫోన్ చేయాలి. తలనొప్పితోనో, ఒకటి రెండుగా కనబడుతూనో రెప్ప హఠాత్తుగా వాలినా అంతే తొందర పడాలి. పుట్టుకతోనే రెప్ప వాలిన పిల్లలకు చూపు మందగించవచ్చు, పెద్దయ్యాక చూద్దాంలే అనుకోవద్దు.

పాత ఫొటో ఒకటి తీసి అద్దంలో మొహంతో పోల్చుకోండి. ఏళ్లుగా మెల్లమెల్లగా వాలిందా, వీలు చూసుకుని కంటి డాక్టరుకు చూపించండి. నిన్న లేనిది ఇవాళ వాలిందా, వంటింట్లోకి కాదు, తిన్నగా ఆస్పత్రికి వెళ్లండి.