పన్ను మన గుమ్మంలో, పద్దు అమరావతిలో

నూజివీడు మామిడి తోటల్లో పని చేసినోళ్లకి ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు. చెట్టుకి నీళ్లు కట్టేది మనం. పూతకి మందు కొట్టేది మనం. రాత్రిళ్లు కాపలా పడుకునేది మనం. కాయ దించేదీ, లారీకెత్తేదీ మనమే. కాయెంత, రేటెంత అన్న లెక్క మాత్రం గుత్తదారు పుస్తకంలో ఉంటది. ఆ పుస్తకం మనకి చూపించరు.

మున్సిపాలిటీ సంగతీ ఇట్టాగే తయారైంది. రోడ్లూడ్చేది మన అక్కచెల్లెళ్లు. మురుక్కాలవలో దిగేది మన అన్నదమ్ములు. పన్ను కట్టేది పేటల జనం. పద్దు రాసేది అమరావతిలో. షరతులు పెట్టేది ఢిల్లీలో.

"అది టౌనోళ్ల గొడవ, పల్లెలో ఉన్న మాకెందుకు?" అంటారా? 2021లో పంచాయతీల ఖాతాల్లో ఉన్న ఫైనాన్స్ కమిషన్ డబ్బుల్ని కరెంటు బకాయిల కింద పైనుంచే సర్దేసుకుంటే సర్పంచులు రోడ్డెక్కారు. మర్చిపోయారా? టౌన్లో హమాలీ పనికీ ఆటో తోలడానికీ పోయి అద్దె కొంపల్లో ఉంటున్నది మన పిల్లలు కాదా? ఇంటి యజమాని తన పన్ను ఎవరి అద్దెలో కలుపుతాడు?

అసలు కథ వినండి. 2020 మే. కరోనా రోజులు. పనుల్లేక జనం పస్తులుంటే, ఖజానాలు ఎండిపోయి రాష్ట్రాలు అప్పులకి చూస్తన్నాయి. అదనంగా అప్పు కావాలంటే మేం చెప్పిన సంస్కరణలు చెయ్యండని కేంద్రం మెలిక పెట్టింది. అందులో ఒకటి పట్టణాలది. ఆస్తి పన్నుని రిజిస్ట్రేషన్ విలువతో ముడిపెట్టాలి. మంచినీళ్లకీ మురుగునీటికీ ఖర్చు రాబట్టేటట్టు చార్జీలు వెయ్యాలి. మన రాష్ట్రం పరుగెత్తుకెళ్లి ఆ ఏడే 44వ నంబరు చట్టం చేసింది. అద్దె విలువ లెక్క పోయి ఆస్తి మూలధన విలువ లెక్క వచ్చింది. 2021 జనవరిలో, ఈ షరతు అందరికన్నా ముందు తీర్చిన రెండు రాష్ట్రాల్లో ఆంధ్ర ఒకటని చెప్పి 2,525 కోట్ల అదనపు అప్పుకి కేంద్రం అనుమతిచ్చింది. అప్పు వాడుకునేది రాష్ట్రం. దానికోసం ఏటేటా పన్ను పెంచి కట్టేది పట్టణం. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

ఆ చట్టం చేసేనాటికి కౌన్సిళ్లేవి? 2019 జులైలో మున్సిపల్ పాలకవర్గాల గడువు తీరింది. మళ్లీ మనం ఓట్లేసింది 2021 మార్చి 10న. మధ్యలో అంతా స్పెషలాఫీసర్ల రాజ్యం. మనం ఎన్నుకున్నోడు ఒక్కడూ కుర్చీలో లేనప్పుడు మన గుమ్మం మీద పన్ను రాశారు. ఓట్లయినాక ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టారు. గెలిచినోళ్లకి మిగిలింది చెయ్యెత్తడమే.

"పేదోళ్లకి భారం లేదు, 375 చదరపు అడుగుల లోపు ఇంటికి ఏడాదికి 50 రూపాయలే" అన్నారు. నిజమే, అది చట్టంలో ఉంది. మరి రెండు తరాలు కూలి చేసి, దానికి ఇంకో గది కలిపినోడి సంగతేంది? ఏడాదికి 15 శాతం మించి పెంచం అని కూడా అన్నారు. లెక్కెయ్యండి. వెయ్యి రూపాయల పన్ను ఏటా 15 శాతం చొప్పున పెరిగితే ఐదేళ్లకి 2,011 అయిద్ది. కూలి రేటు ఐదేళ్లలో రెట్టింపు అయిందా?

చెత్త పన్ను కథా అంతే. 2021 అక్టోబరు 2న గాంధీ పేరు చెప్పి 'క్లాప్' మొదలెట్టారు. పట్టణాన్ని బట్టి నెలకి ఇంటికి 120 రూపాయల దాకా వేశారు. జనం తిరగబడ్డారు. తర్వాతి ప్రభుత్వం 2024 డిసెంబరు 31తో ఎత్తేసింది. ఎత్తెయ్యడం మంచిదే. కానీ వెయ్యాలన్న నిర్ణయమూ పైనుంచే వచ్చింది, తీసెయ్యాలన్న నిర్ణయమూ పైనుంచే వచ్చింది. ఆ డబ్బు ఆగినాక చెత్త బండి ఖర్చు ఎవరివ్వాలో చెప్పాల్సింది రాష్ట్రం కాదా? లేకపోతే ఆ లోటు ఎవరి మీద పడిద్ది? ఊడ్చేవాళ్ల జీతం మీద. 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతా పారిశుధ్య కార్మికులు చీపుర్లు కింద పెట్టింది ఊరికే కాదు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, రెల్లివాళ్లు, మాలలు.

పైగా మున్సిపాలిటీ సొంత ఆదాయం పైకి పోయింది. వృత్తి పన్ను ఒకప్పుడు స్థానిక సంస్థలదే. 1987 చట్టంతో రాష్ట్రం తీసుకుంది. స్థలం రిజిస్ట్రేషన్ అయితే నూటికి రూపాయిన్నర ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఊరికి రావాలి. వసూలు చేసేది రిజిస్ట్రేషన్ శాఖ, వాళ్లు పంపినప్పుడు పుచ్చుకోవాలి. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

ఇక్కడే మనకి అసలు దెబ్బ. 1993లో అమలుకొచ్చిన 74వ సవరణ 243-టి కింద ఎస్సీ, ఎస్టీలకి వార్డులు రిజర్వు చేసింది. మనోళ్లు కౌన్సిల్లో కూర్చున్నారు. కుర్చీ మనకొచ్చేసరికి పెట్టె తాళం పైకి పోయింది. కుళాయి రాకపోతే జనం నిలదీసేది మన కౌన్సిలరమ్మని. తాళం ఎవరి దగ్గరుందో ఎవరూ అడగరు.

బాబాసాహెబ్ కొలంబియా డాక్టరేటుకి తీసుకున్న విషయం ఏంటో తెలుసా? ప్రభుత్వాల ఖజానా పంపకాలు. ఆ పుస్తకం 1925లో అచ్చయింది. పైస ఎవరు వసూలు చేస్తన్నారు, ఎవరు ఖర్చు పెడతన్నారు అన్న లెక్క ఆయన చూశాడు. మనం చూడకపోతే ఎట్టా?

మనం పన్నే వద్దనడంలేదు. పెద్ద మేడలకీ, షాపింగ్ కాంప్లెక్సులకీ వెయ్యండి. ప్రభుత్వ ఆఫీసుల ఆస్తి పన్ను బకాయిలు ముందు కట్టండి. 243-వై చెప్పినట్టు ఐదేళ్లకోసారి రాష్ట్ర ఫైనాన్స్ కమిషన్ వేసి, అది చెప్పిన వాటా ఊరికి చేర్చండి. ఎస్సీ ఉపప్రణాళిక డబ్బు ఏ పేటలో ఏ పనికి పెట్టారో ఆ పేటలోనే బోర్డు కట్టండి.

అన్నలారా, అక్కలారా! బడ్జెట్ మీటింగంటే ఆఫీసు వ్యవహారం అనుకోవద్దు. ప్రతి పేట నుంచి ఇద్దరు పోండి. పోయిన ఏడు పద్దు నకలు సమాచార హక్కు కింద అడగండి. తెచ్చి రచ్చబండ మీద గట్టిగా చదవండి. గుత్తదారు పుస్తకం తెరిపించనంతకాలం కాయ మనది కాదు.

జై భీమ్!