పగ్గం ఒకటే, పశువులు వేరు

ఎడ్లబండి తోలడం వచ్చినంత మాత్రాన పడవ నడపడం రాదు. పడవ సరంగును తీసుకుపోయి లారీలో కూర్చోబెడితే చేతులు ముడుచుకోవలసిందే. ఏ వాహనానికి ఆ విద్య వేరు. తాతలనాటినుంచీ ఇదే లోకధర్మం. ఇప్పుడది మారుతున్నదంటే మన కృత్తివెన్ను పెద్దలు నవ్వుతారేమో గాని, మాట మాత్రం నిజం.

మనిషి ఎక్కకుండా ఎక్కడో దూరాన కూర్చుని నడిపే యంత్రాలు ఈనాడు సైన్యాల దగ్గర బోలెడు. గాలిలో ఎగిరేవి, నేలమీద పాకేవి, నీటిమీద తేలేవి, నీటిలో మునిగేవి. చిక్కేమిటంటే, యంత్రం ఏ కంపెనీదో దాని మీటల బల్ల కూడా ఆ కంపెనీదే. టీవీకొకటి, ఏసీకొకటి, ఫానుకొకటి రిమోటు ఉన్న ఇంట్లో ఏది దేనిదో తెలియక ఇల్లాలు పడే అవస్థే సేనానులదీను. ఒక యంత్రం దగ్గర ఆరితేరినవాడు రెండోదాని దగ్గర మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలి.

అందుకని పుట్టింది ఉమ్మడి సాఫ్ట్‌వేర్. తెర ఒకటి, మీటలు ఒకటి. వాటివెనక ఏ యంత్రానికి ఆ భాషలో ఆజ్ఞను మార్చి చెప్పే దుబాసీ ఒకడుంటాడన్నమాట. ఈ దుబాసీ పనికి నాటో దేశాలు స్టానాగ్ 4586 అనే కట్టడి రాసుకున్నవి. అందులో అయిదు మెట్లు. మొదటి మెట్టువాడికి విమానం చూసిన బొమ్మలు మరొకరి ద్వారా అందుతవి. రెండో మెట్టువాడికి నేరుగా అందుతవి. మూడోవాడు కెమెరా వగైరా పనిముట్లను తిప్పవచ్చు. నాలుగోవాడు విమానాన్నే నడపవచ్చు. అయిదోవాడు దాన్ని ఎగరేయనూవచ్చు, దించనూవచ్చు. ఇక అమెరికా నౌకాదళం 2015 డిసెంబరులో తన ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌తో, వాషింగ్టన్ రాష్ట్రపు ప్యూజెట్ సౌండ్ జలాలలో, నీట మునిగి పోయే యంత్రాన్ని కూడా నడిపి చూసింది.

ఎక్కడి నాటో, ఎక్కడి మన పెదపట్నం గట్టు అంటారా? అంత దూరమేమీ కాదు. నౌకాదళానికి దృష్టి-10 అనే మనిషిలేని విమానం 2024 జనవరిలో హైదరాబాదునుంచే బయలుదేరింది. నీటి అడుగు ఆయుధాల పరిశోధన విశాఖపట్నంలో జరుగుతున్నది. 2025 జులైలో కర్నూలు జిల్లాలోని ప్రయోగక్షేత్రంలో డ్రోన్‌నుంచి క్షిపణిని వదిలి పరీక్షించారు. అదే సంవత్సరం మే 2న మన దివిసీమలో నాగాయలంక క్షిపణి ప్రయోగకేంద్రానికి శంకుస్థాపన జరిగింది. రేపు ఆ తెరల ముందు కూర్చునేది మన కాలేజీలలో చదివే పిల్లలే కావచ్చు.

కనుక ఒక కథ వారికి తెలియాలి. 2006 ఏప్రిల్ 25 తెల్లవారుజామున అమెరికాలో అరిజోనా సరిహద్దును ప్రెడేటర్-బి అనే మనిషిలేని విమానం కాపలా కాస్తున్నది. నేలమీద నడిపేవారికి పక్కపక్కనే రెండు బల్లలు, రెండూ ఒకే పోలిక. ఉన్నట్టుండి మొదటిదాని తెర బిగుసుకుపోయింది. పైలట్ రెండోదానికి మారాడు. ఇక్కడే ఉన్నది కిటుకు. ఒక మీట, విమానం నడిపేటప్పుడు ఇంజనుకు చెందుతుంది. కెమెరా తిప్పేటప్పుడు ఆ మీటే కెమెరా కంటిపాపకు చెందుతుంది. కెమెరాకోసం జరిపి ఉంచిన చోటు, ఇంజను లెక్కలో చమురు కట్టివేసే చోటు! మారేముందు రెండు బల్లల మీటలనూ సరిచూసుకోవాలని నియమం ఉన్నది. చూసుకోలేదు. ఇంజను ఆగింది, విమానం నోగాలెస్ దగ్గర కూలింది. అదృష్టవశాత్తు నేలమీద ఎవరికీ దెబ్బ తగలలేదు.

పైలట్ తొందరపాటు సరే. కాని ఒకే మీటకు రెండు అర్థాలు పెట్టినవారి మాటేమిటి? ఉమ్మడి కుటుంబంలో పొయ్యి ఒకటే కావచ్చు. పథ్యం తినే తాతగారికీ పాలు తాగే పసివాడికీ ఒకే విస్తరి వేస్తామా? మీటలు ఒకటైనప్పుడే, ఇప్పుడు చేతిలో ఉన్నది విమానమా, పడవా, కెమెరానా, క్షిపణా అన్నది తెర మీద మరీ గట్టిగా కనబడాలి. విమానం గాలిలో ఉండగానే ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారే ఏర్పాటులో, ఏ క్షణాన ఎవరు సారథో రాసిపెట్టి ఉండాలి. లేకపోతే పొరపాటున ఒక ఊరు కాలినా, నేను కాదంటే నేను కాదనేవారే మిగులుతారు.

నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి కొలువులో ఉన్నప్పుడు, చూపులకు బక్కచిక్కిన గుర్రాలను ఏరి రథానికి కట్టాడు. రాజు సందేహించాడు. ఆ గుర్రాలే ఒక్క పగటిలో విదర్భ చేర్చినవి. నలుడికి తెలిసిన విద్య పేరు అశ్వహృదయం; పగ్గం పట్టడం ఒక్కటే కాదు, గుర్రం మనసెరగడం.

ఉమ్మడి సాఫ్ట్‌వేర్ పగ్గం పట్టడం సులువు చేస్తుంది. శిక్షణ ఖర్చు తగ్గుతుంది, కాలం కలిసివస్తుంది. కాదనలేము. గుర్రం మనసు మాత్రం అది నేర్పదు. రేపు మీ అబ్బాయో అమ్మాయో అటువంటి ఉద్యోగంలో చేరితే జీతమెంతని అడిగి ఊరుకోకండి. ఎన్ని రకాల యంత్రాలు నీ చేతిలో పెట్టారు, ఒక్కొక్కదానితో ఎన్నాళ్ళు సాధన చేయించారు అని కూడా అడగండి.