పదకొండో నంబర్ జెర్సీకి బదులు ఎవరు?

మా పక్క ఫ్లాట్ అన్న దగ్గర ఓ జెర్సీ ఉంది. డాలస్ కౌబాయ్స్, నంబర్ 11, వీపు మీద ‘పార్సన్స్’ అని పేరు. పోయిన ఆగస్టు 28 నుంచి అది అల్మారాలో హ్యాంగర్‌కే వేలాడుతోంది. వేసుకోవడానికి మనసు రాదు, పారేయడానికి అంతకన్నా రాదు. ఎవరైనా కదిపితే చాలు, “ఈ నెల 23న తేలుతుంది తమ్ముడూ దీని లెక్క” అంటాడు.

ఏప్రిల్ 23 అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్. ఈసారి పిట్స్‌బర్గ్‌లో, మూడు రోజుల పాటు. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వైపు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కౌబాయ్స్ హెడ్ క్వార్టర్స్ ఆ ఫ్రిస్కోలోనే. ఇక్కడ నాలుగేళ్ళు ఉంటే క్రికెట్ పిచ్చి తగ్గదు గానీ, దాని పక్కనే ఇంకో పిచ్చి మొలుస్తుంది. నాకు మొలిచింది. అన్నకైతే చెట్టే అయింది.

డ్రాఫ్ట్ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఐపీఎల్ వేలంలా డబ్బు పాట ఉండదు. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తిరగేస్తే డ్రాఫ్ట్. అక్కడ మంచి ర్యాంకు వచ్చిన స్టూడెంట్ ముందు సీటు ఎంచుకుంటాడు. ఇక్కడ కిందటి సీజన్‌లో అందరికన్నా అడుగున ఉన్న టీమ్ ముందుగా కుర్రాణ్ణి ఎంచుకుంటుంది. 32 టీమ్‌లు, 7 రౌండ్లు. కాలేజీ నుంచి వచ్చే కుర్రాడికి వెబ్ ఆప్షన్లు లేవు. ఏ ఊరు పిలిస్తే ఆ ఊరు వెళ్ళాలి. ఎన్నో నంబర్‌కి పిలిచారన్నదాన్ని బట్టే మొదటి నాలుగేళ్ళ జీతం. టీమ్ తన వంతుని వేరే టీమ్‌తో మార్చుకోవచ్చు. ఈ కథంతా ఆ వెసులుబాటు చుట్టూనే తిరుగుతుంది.

ఈసారి మాకు మొదటి రౌండులో రెండు వంతులు. ఒకటి సొంతది. రెండోది గ్రీన్ బే నుంచి వచ్చింది. ఊరికే రాలేదు. మైకా పార్సన్స్‌ని ఇస్తే వచ్చింది.

పార్సన్స్ పని అవతలి క్వార్టర్‌బ్యాక్‌ బంతి విసిరేలోపు మీద పడి కూలదోయడం. దాన్నే శాక్ అంటారు. మా దగ్గర ఆడిన నాలుగు సీజన్లలో 52.5 శాక్‌లు, ఏ ఒక్క సీజన్‌లోనూ 12కి తగ్గలేదు. కొత్త కాంట్రాక్టు దగ్గర పేచీ వచ్చింది. సీజన్ మొదలవడానికి వారం ముందు గ్రీన్ బేకి పంపేశారు. అక్కడ నాలుగేళ్ళకి 188 మిలియన్ డాలర్లు ఇచ్చారు. బదులుగా మాకు వచ్చింది కెన్నీ క్లార్క్ అనే డిఫెన్స్ ఆటగాడు, ఇంకా 2026లో, 2027లో చెరో ఫస్ట్ రౌండ్ పిక్. అంటే, తెలిసిన మనిషిని ఇచ్చి ఇంకా పేరు కూడా పెట్టని ఇద్దరిని కొనుక్కున్నాం. ఆ ఇద్దరిలో మొదటివాడి పేరు ఈ నెల 23న తెలుస్తుంది.

అందుకే ఈసారి ఊహాగానాల్లో సరదా కాస్త తక్కువ, కసి ఎక్కువ. శనివారం సాయంత్రం దోసెలు వేస్తూ కూడా ఇదే చర్చ. ఒహాయో స్టేట్ సేఫ్టీ కేలెబ్ డౌన్స్ మన వంతు దాకా మిగులుతాడా? టెక్సాస్ టెక్ డేవిడ్ బెయిలీ అయితే పార్సన్స్ పనే చేస్తాడు కదా? కిందటి సీజన్‌లో మా డిఫెన్స్ ఎలా ఆడిందంటే, పెళ్ళి భోజనాల్లో వడ్డించినట్టు అడిగినవాడికి అడిగినన్ని పాయింట్లు. కాబట్టి ఎవరొచ్చినా డిఫెన్స్‌కే రావాలన్నది అన్న తీర్మానం.

నేను మాత్రం ఈసారి కాస్త జాగ్రత్తగా మాట్లాడుతున్నా. కారణం నా ఫోన్ నోట్స్‌లో ఉంది. ప్రతి ఏడాదీ డ్రాఫ్ట్‌కి ముందు మా టీమ్ ఎవర్ని తీసుకుంటుందో ఒక్క పేరు రాసి పెట్టుకుంటాను. 2023లో డాల్టన్ కిన్‌కేడ్ అని రాశా. మాకు సరిగ్గా ఒక్క స్థానం ముందు, 25లో, బఫెలో ఎగరేసుకుపోయింది. మావాళ్ళు 26లో మేజీ స్మిత్‌ని తీసుకున్నారు. 2024లో గ్రాహమ్ బార్టన్ అని రాశా. అతను టాంపాకి వెళ్ళాడు. మాకు టైలర్ గైటన్ వచ్చాడు. 2025లో రిసీవర్ టెటైరోవా మెక్‌మిలన్ అని రాశా. ఎనిమిదో నంబర్‌కే కరోలైనా పిలిచేసింది. మా వంతు 12లో టైలర్ బుకర్ అనే గార్డ్‌ని తీసుకున్నారు. “రిసీవర్ లేకుండా గార్డ్ ఏంటి!” అని గొంతు పోయేలా అరిచాం. రెండు వారాలు తిరగకుండా ట్రేడ్‌లో జార్జ్ పికెన్స్ అనే రిసీవర్‌ని తెచ్చారు. మూడేళ్ళు, మూడు పేర్లు, మూడూ తప్పు. ఇలాంటి కోడ్ రాస్తే నన్ను ఎప్పుడో ఇంటికి పంపేవాళ్ళు.

సరే, నేను ఫ్యాన్‌ని. ఫుల్ టైమ్ ఇదే పనిగా ఉన్న స్కౌట్లు, కోచ్‌లు, ఓనర్లు? వాళ్ళ నోట్స్ కూడా ఓసారి తిరగేద్దాం.

2014. ఓనర్ జెర్రీ జోన్స్‌కి జానీ మన్జీల్ మీద మనసు పడింది. టెక్సాస్ ఎ అండ్ ఎం క్వార్టర్‌బ్యాక్, ఈ రాష్ట్రమంతా తెలిసిన హీరో. పక్కనున్నవాళ్ళు ఆపారు. 16లో జాక్ మార్టిన్ అనే గార్డ్‌ని తీసుకున్నారు. మన్జీల్ 22లో క్లీవ్‌లాండ్‌కి వెళ్ళాడు, రెండు సీజన్లలో అతని ఎన్‌ఎఫ్‌ఎల్ కథ అయిపోయింది. మార్టిన్ తొమ్మిదిసార్లు ప్రో బౌల్‌కి ఎంపికై 2025లో రిటైరయ్యాడు.

2016. పాక్స్‌టన్ లించ్ అనే క్వార్టర్‌బ్యాక్ కోసం ముందుకి జరగాలని చూశారు. డెన్వర్ తన్నుకుపోయింది. తర్వాత కానర్ కుక్ అనుకున్నారు. అతన్ని రైడర్స్ తీసుకున్నారు. చివరికి నాలుగో రౌండ్‌లో, 135వ నంబర్‌కి, డాక్ ప్రెస్కాట్‌ని పిలిచారు. ఆ ఏడాది రోమోకి దెబ్బ తగిలి, డాక్ దిగి 13 మ్యాచ్‌లు గెలిపించాడు. ఇప్పటికీ మా క్వార్టర్‌బ్యాక్ అతనే.

2021. ఒక కార్నర్‌బ్యాక్ కావాలనుకున్నారు. జేసీ హార్న్ 8లో, పాట్ సర్టైన్ 9లో వెళ్ళిపోయారు. మా వంతు 10. ఏం చేయాలో తోచక ఆ వంతుని ఫిలడెల్ఫియాతో మార్చుకుని రెండు మెట్లు కిందికి దిగారు. 12లో ఎవర్ని తీసుకున్నారో తెలుసా? మైకా పార్సన్స్‌ని.

మళ్ళీ చదవండి. ఇవాళ ఎవరిని ఇచ్చేశారని అన్న జెర్సీ అల్మారాలో ఏడుస్తోందో, ఆ మనిషి మా టీమ్‌కి వచ్చిందే అనుకున్నవాళ్ళు దొరక్కపోతే.

ఈ అంచనాలకి లెక్కలు లేక కాదు. అసలు వంతుల మార్పిడికి లెక్కల పట్టిక తయారైందే డాలస్‌లో, 1990ల మొదట్లో, కోచ్ జిమ్మీ జాన్సన్ హయాంలో. మొదటి పిక్ విలువ 3000 పాయింట్లు, 16వది 1000. నీ దగ్గరున్న పిక్‌లకి పాయింట్లు కూడు, అవతలివాడివీ కూడు, సరిపోతే చేతులు కలుపు. ఇంజనీర్లకి చూడగానే నచ్చే పట్టిక. అయితే కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు డ్రాఫ్ట్ ఫలితాలని ఏళ్ళ తరబడి వెనక్కి వెళ్ళి పరీక్షించారు. థేలర్‌కి 2017లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. వాళ్ళు అడిగిన ప్రశ్న చాలా చిన్నది. ఒకే పొజిషన్‌లో ముందు ఎంపికైనవాడు, వాడి తర్వాత ఎంపికైనవాడికన్నా బాగా ఆడే అవకాశం ఎంత? జవాబు సుమారు 52 శాతం. అంటే బొమ్మా బొరుసుకి కాస్త పైన. అంత ఖర్చు, అన్ని వీడియోలు, అన్ని ఇంటర్వ్యూలు చేసి టీమ్‌లు సంపాదించిన అదనపు జ్ఞానం ఆ కాస్తే.

కాబట్టి ఒక్క కుర్రాడి కోసం ఉన్నదంతా ఊడ్చిపెట్టడం కన్నా, వంతులు ఎక్కువ పోగేసుకోవడం మేలని వాళ్ళ లెక్క. ఆ లెక్క ప్రకారం పార్సన్స్ ట్రేడ్‌ని పూర్తిగా కొట్టిపారేయలేం. మా టీమ్‌కి పాత అనుభవం కూడా ఉంది. 1989 అక్టోబరులో తన పెద్ద స్టార్ హెర్షల్ వాకర్‌ని మిన్నెసోటాకి ఇచ్చి, బోలెడు పిక్‌లు తెచ్చుకుంది. ఆ సీజన్‌లో గెలిచింది ఒక్క మ్యాచ్, ఓడింది 15. తర్వాతి ఏడాది, ఆ వచ్చిన పిక్‌లలో ఒకటి పిట్స్‌బర్గ్‌కి ఇచ్చి ముందుకి జరిగి, 17లో ఎమిట్ స్మిత్‌ని పట్టుకుంది. బంతి పట్టుకుని పరిగెత్తడంలో లీగ్ చరిత్రలోనే అందరికన్నా ఎక్కువ గజాలు అతనివే. 1993, 1994, 1996 జనవరుల్లో మూడు సూపర్ బౌల్‌లు. అవే ఆఖరివి. నేను పుట్టకముందు సంగతి.

ఇది చెప్తే అన్న ఒప్పుకోడు. “వాకర్‌ని ఇస్తే ఎమిట్ వచ్చాడు. సరే, ఇప్పుడు పార్సన్స్‌ని ఇస్తే ఎవరొస్తాడు? పేరు చెప్పు” అంటాడు. అక్కడే నాకు అన్నతో పేచీ. వాకర్‌ని ఇచ్చిన రోజు కూడా ఎవరూ పేరు చెప్పలేకపోయారు. ఎమిట్ గొప్పవాడని 1990 డ్రాఫ్ట్ రోజు తేలలేదు, తర్వాతి సీజన్లలో తేలింది. డాక్‌ని పిలిచినప్పుడు అది నాలుగో రౌండ్, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లెక్క 23న తేలదు. 23న మొదలవుతుంది.

ఇంకో మాట. ఇది నేను ఈ మధ్యనే ఆలోచించడం మొదలుపెట్టా. గ్రీన్ బే ఇచ్చిన పిక్‌తో వచ్చే కుర్రాడికి 21, 22 ఏళ్ళుంటాయి. తను ఈ ఊరు అడగలేదు. పార్సన్స్‌ని తను అమ్మలేదు, ఆ పేచీలో తను లేడు. అయినా మొదటి మ్యాచ్‌లో తొలి తప్పు చేయగానే స్టేడియంలో ఓ మాట పుడుతుంది: “వీడి కోసమా వాణ్ణి ఇచ్చింది?” అప్పు చేసింది ఒకరు, వడ్డీ కట్టాల్సింది మాత్రం ఈ పిల్లాడు. ఎంసెట్ రాసినవాళ్ళకి ఇది అర్థమవుతుంది. మన ర్యాంకుని పక్కింటివాడి ర్యాంకుతో కొలిచినప్పుడు, ఆ పక్కింటివాడితో మనకేం గొడవ లేకపోయినా కడుపు మండేది కదా. ర్యాంకు ఆ రోజు మన గురించి లోకం అనుకున్నది చెప్పింది. ఆ తర్వాత మనం ఏమయ్యామో చెప్పలేదు. టామ్ బ్రేడీని 2000లో 199వ నంబర్‌కి పిలిచారు. బ్రాక్ పర్డీ 2022లో ఆఖరివాడు, 262. రెండేళ్ళు తిరక్కుండానే సూపర్ బౌల్ ఆడాడు.

తెలిసిన మనిషి కూడా గ్యారంటీ ఏం కాదు. పోయిన డిసెంబరులో డెన్వర్‌తో ఆడుతూ పార్సన్స్ మోకాలి లిగమెంట్ తెగింది. “చూశావా, ఇచ్చేయడమే మంచిదైంది” అన్న ఫ్యాన్స్ ఉన్నారు. అన్న మాత్రం ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. ఆ విషయంలో అన్నంటే నాకు గౌరవం.

మరి ఊహాగానాలు మానేద్దామా? అబ్బే, ఏప్రిల్ నెల ఎలా గడుస్తుంది! 30 ఏళ్ళుగా కప్పు ముఖం చూడని టీమ్‌కి ఏడాదిలో ఓటమి లేని రోజులు ఈ మూడే. ఈసారి నోట్స్‌లో నేనూ పేరు రాశా, కేలెబ్ డౌన్స్ అని. నాలుగోదీ తప్పైతే అవనీ. కానీ పేరు కింద ఈసారి ఇంకో లైన్ కూడా చేర్చా: ‘వచ్చినవాణ్ణి 2029లో చూద్దాం.’

నిన్న రాత్రి అన్న తలుపు కొట్టాడు. “23 రాత్రే కొత్త జెర్సీ ఆర్డర్ పెట్టేద్దామా?”

“అన్నా, కాస్త ఆగు. పిల్లాణ్ణి నాలుగు మ్యాచ్‌లు ఆడనీ.”

“అప్పటికి వాడి సైజు స్టాక్ ఉండదురా” అని నవ్వి, వెళ్తూ వెళ్తూ ఆగాడు. “ఆ పదకొండో నంబర్‌ది మాత్రం తీయను. పక్కన ఇంకో హ్యాంగర్ పెడతా.”